9 కీల మాక్రో ప్యాడ్‌లో ఒక్క నొక్కుతో "శ్రీ" రావడం ఎలా?

తెనాలి_డీటీపీ:

అందరికీ నమస్కారం. నాకు తెనాలిలో చిన్న డీటీపీ షాపు ఉంది. ఎక్కువగా శుభలేఖలు, కరపత్రాలు చేస్తాను. పెళ్లిళ్ల సీజన్ వస్తే శ్రీ, శ్రీమతి, చి.ల.సౌ. రోజుకు ఎన్నిసార్లు కొడతానో లెక్కే ఉండదు. ఇన్నేళ్లూ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే లాగించాను. ఇప్పుడు ప్రతివాళ్లూ అదే మ్యాటర్ వాట్సాప్‌లో పెట్టుకోవడానికీ అడుగుతున్నారు. అందుకని ఏడాదిగా ఫోన్లలోనూ కనిపించే యూనికోడ్‌లో, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు లేఅవుట్‌లో కొడుతున్నాను. కుడి మణికట్టు నొప్పి పుడుతోంది.

మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు 9 కీల మాక్రో ప్యాడ్ (ఒక్క కీతో ముందే పెట్టుకున్న అక్షరాల వరుస కొట్టే చిన్న కీబోర్డు) ఒకటి టంకం వేసి ఇచ్చాడు. లోపల ప్రో మైక్రో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, దాన్ని నడిపే ప్రోగ్రాం (ఫర్మ్‌వేర్) క్యూఎంకే. అందులో యూనికోడ్ ఆన్ చేసి మొదటి కీకి "శ్రీ" పెట్టాడు. వాడి ల్యాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది. నా షాపులో విండోస్. నోట్‌ప్యాడ్ తెరిచి నొక్కితే ఇలా పడుతోంది:

0మ36 0మ4్ 0మ30 0మ40

వాడు మళ్లీ బెంగళూరు వెళ్లిపోయాడు. ఫోన్లో అడిగి ఫర్మ్‌వేర్ కంపైల్ చేయడం, ఫ్లాష్ చేయడం (ప్యాడ్‌లోకి ఎక్కించడం) వరకు నేర్చుకున్నాను. ఇంకో సమస్య, 9 కీలు నాకు చాలవు. శ్రీ కీని తడితే శ్రీ రావాలి, నొక్కి పట్టుకుంటే రెండో లేయర్ (అవే కీలకు ఇంకో వరుస పనులు) రావాలి. దీనికోసం క్యూఎంకేలో ఉన్న లేయర్ ట్యాప్‌లో మాక్రో పేరు రాసి చూశాను, పనిచేయలేదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

టంకంపొగ:

తెర మీద పడినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాశారు, చాలా మంచిదైందండీ. జవాబు అందులోనే ఉంది.

శ్రీలో నాలుగు యూనికోడ్ సంకేతాలున్నాయి. శ 0సి36, పొల్లు 0సి4డి, ర 0సి30, గుడిదీర్ఘం 0సి40. మీ ప్యాడ్ ఈ అంకెల్నే కొడుతోంది. మీ మేనల్లుడు లినక్స్ మోడ్ పెట్టి ఉంటాడు. ఆ మోడ్‌లో ప్యాడ్ ముందు కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, తర్వాత సంకేతం కొట్టి, స్పేస్ ఇస్తుంది. లినక్స్ దాన్ని అక్షరంగా మారుస్తుంది. విండోస్‌కు ఆ పద్ధతి తెలియదు, కాబట్టి వచ్చిన కీలను వచ్చినట్టే వేసింది. ఇన్‌స్క్రిప్ట్‌లో సి కీ మీద మ, డి కీ మీద పొల్లు ఉంటాయి కదా, అందుకే 0సి36 కాస్తా 0మ36 అయింది.

విండోస్‌కు విన్‌కంపోజ్ అనే ప్రోగ్రాం వేసుకుని దాని మోడ్‌కు మారవచ్చు. మీకు మాత్రం నేను అది చెప్పను. ప్రతి సిస్టమ్‌లోనూ వేసుకోవాలి, పైగా మీకు యూనికోడ్ ఆప్షన్ అవసరమే లేదు.

కీబోర్డు ఎప్పుడూ అక్షరాన్ని పంపదు. ఏ కీ నొక్కామో దాని నంబరు పంపుతుంది, ఆ కీకి ఏ అక్షరమో సిస్టమ్‌లో ఉన్న లేఅవుట్ తేలుస్తుంది. మీ సిస్టమ్‌లో ఇన్‌స్క్రిప్ట్ ఎలాగూ ఆన్‌లో ఉంటుంది. మీ వేళ్లు కొట్టే వరుసనే ప్యాడ్ చేత కొట్టించండి. క్యూఎంకేలో కీల వరుసను పంపే సెండ్ స్ట్రింగ్‌లో ఇంగ్లిష్ అక్షరాలుగా రాయాలి. శ్రీకి పెద్ద ఎం, చిన్న డి, జె, ఆర్. శ్రీమతికి దాని వెనకే సి, ఎల్, ఎఫ్. చి.ల.సౌ.కి సెమికోలన్, ఎఫ్, చుక్క, ఎన్, చుక్క, ఎం, క్యూ, చుక్క. పెద్ద అక్షరం రాస్తే షిఫ్ట్‌ను అదే నొక్కుతుంది. యూనికోడ్ ఆప్షన్ తీసేస్తే ఫర్మ్‌వేర్ సైజు కూడా తగ్గుతుంది. ప్రో మైక్రోలో బూట్‌లోడర్ (ఫ్లాష్ చేయించే చిన్న ప్రోగ్రాం) పోగా మీకు మిగిలేది 28,672 బైట్లే.

ఇక రెండోది. లేయర్ ట్యాప్‌లో తట్టే వైపు మామూలు కీ మాత్రమే పడుతుంది, మాక్రో పేరు ఇమడదు. దీనిలో నేనూ ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. అక్కడ కేసీ నో (ఏ కీ కాదు) అని పెట్టండి. ప్రతి నొక్కుకూ నడిచే ప్రాసెస్ రికార్డ్ యూజర్ ఫంక్షన్‌లో ఆ కీ వచ్చినప్పుడు ట్యాప్ కౌంట్ చూడండి. అది సున్నా కాకపోతే తట్టినట్టు. నొక్కిన క్షణంలో శ్రీ పంపి, ఫాల్స్ రిటర్న్ చేయండి. సున్నా అయితే పట్టుకున్నట్టు, ట్రూ రిటర్న్ చేస్తే లేయర్ పని క్యూఎంకే చూసుకుంటుంది. తట్టడానికీ పట్టుకోవడానికీ మధ్య గడువు మామూలుగా 200 మిల్లీసెకన్లు. తట్టినా లేయర్ వస్తోందంటే ఆ గడువును, అంటే ట్యాపింగ్ టర్మ్‌ను, 250 చేసి చూడండి.

గుంటూరు_స్విచ్:

పైన చెప్పిందంతా సరైనదే. ఒక్కటి కలుపుతాను. ఫర్మ్‌వేర్‌లో వయా (మాక్రోలను తెర మీదే మార్చుకునే ప్రోగ్రాం) ఆన్ చేసి పెట్టుకుంటే తర్వాత మాక్రోలు మార్చడానికి మళ్లీ మళ్లీ ఫ్లాష్ చేయనక్కర్లేదు, ఇవే ఇంగ్లిష్ అక్షరాలు వయా మాక్రో పెట్టెలో రాస్తే చాలు. అవి ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) ఉంటాయి కాబట్టి ప్యాడ్ పీకినా పోవు. ప్రో మైక్రోలో ఆ ఈప్రామ్ 1 కేబీ మాత్రమే, శుభలేఖ మొత్తం పెట్టడానికి సరిపోదు. తట్టి పట్టుకునే శ్రీ కీ మాత్రం కోడ్‌లోనే ఉండాలి.

తెనాలి_డీటీపీ:

టంకంపొగ గారూ, వచ్చిందండీ! శ్రీ, శ్రీమతి రెండూ మొదటిసారికే వచ్చాయి. తట్టడం, పట్టుకోవడం కూడా 250తో కుదిరింది. షాపులో ఇంకో పాత సిస్టమ్ ఉంది, దాంట్లో మాత్రం చి.ల.సౌ. కొడితే ఒక్కోసారి మధ్య చుక్క ఎగిరిపోతోంది. శుభలేఖలో చుక్క పోతే పెళ్లికూతురి వాళ్లు ఊరుకోరు, నాకు టెన్షన్‌గా ఉంది.

టంకంపొగ:

ప్యాడ్ కొట్టే వేగాన్ని ఆ సిస్టమ్ అందుకోలేకపోతోంది. సెండ్ స్ట్రింగ్ బదులు సెండ్ స్ట్రింగ్ డిలే వాడి, కీకీ మధ్య 10 మిల్లీసెకన్లు ఇవ్వండి. అప్పటికీ పోతుంటే 20. మీ కంటికి తేడా తెలియదు.

ఇంకో మాట. పేజ్‌మేకర్‌లో అను పెట్టుకున్నప్పుడు ఇవే కీలు వేరే అక్షరాలు వేస్తాయి. ఆ పని ఇంకా ఉంటే అను వరుసలన్నీ రెండో లేయర్‌లో విడిగా రాసుకోండి.

తెనాలి_డీటీపీ:

10కి పెట్టాను. పాత సిస్టమ్‌లో యాభైసార్లు వరసగా నొక్కి, ప్రింట్ తీసి చూశాను, ఒక్క చుక్కా పోలేదు. రేపటి నుంచి అను వరుసలు కాగితం మీద రాసుకోవడం మొదలుపెడతాను, వాటిలో ఎక్కడైనా ఆగితే మళ్లీ ఇక్కడే అడుగుతాను.