రౌటర్ పదే పదే రీస్టార్ట్ అవుతోంది, మీటరేమో 12 వోల్టులు చూపిస్తోంది

డిగ్రీ స్టూడెంట్:
అందరికీ నమస్తే. ఇంట్లో పాడైనవి నేనే బాగుచేసుకోవడం నేర్చుకుందామని ఈమధ్యే పసుపు రంగు డిజిటల్ మీటర్ ఒకటి కొన్నాను. చదివేది బీకాం, ఎలక్ట్రానిక్స్ అసలు రాదు. మొదటి కేసు మా వైఫై రౌటరే. ఆన్ చేస్తే లైట్లన్నీ వెలుగుతాయి, కాసేపటికి ఆరిపోయి మళ్లీ మొదటికొస్తుంది. రోజంతా ఇదే వరస. నెట్ కనెక్షన్ అబ్బాయి చూసి రౌటర్ పోయింది, కొత్తది కొనమన్నాడు. అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. పిన్ను దగ్గర కొలిస్తే 12.1 వచ్చింది. అంటే అడాప్టర్ బాగున్నట్టే కదా? రౌటర్ విప్పమంటారా?

కోఠి మెకానిక్:
రౌటర్ జోలికి ఇప్పుడే పోవద్దు చెల్లెమ్మా. నువ్వు కొలిచింది ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్న అడాప్టర్‌ని. లోడు లేకపోతే, రేపోమాపో పోయే అడాప్టర్ కూడా దర్జాగా 12 చూపిస్తుంది. రౌటర్ ఆన్ అయిన కొత్తలో కరెంటు తక్కువే లాగుతుంది. వైఫై మొదలయ్యేసరికి ఎక్కువ కావాలి. అప్పుడు వోల్టేజ్ పడిపోతే లోపలి చిప్ రీసెట్ అయి మళ్లీ మొదటినుంచి లేస్తుంది. నువ్వు చెప్పిన లక్షణం సరిగ్గా అదే.

ముందు ఖర్చు లేని పని చెయ్యి. ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ ఉంటే లేబుల్ చదువు. 12 వోల్టులే ఉండాలి, ఆంపియర్లు 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. చిన్న గుండ్రటి బొమ్మలో మధ్య చుక్కకు ప్లస్ ఉందో మైనస్ ఉందో రెండిటి మీదా ఒకేలా ఉండాలి. ఇవన్నీ కలిసి, పిన్ను కూడా సరిపోతే దాన్ని రౌటర్‌కి పెట్టి చూడు.

తర్వాత లోడు టెస్టు. ఆటోమొబైల్ షాపులో బైకు ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 10 వాట్లది అడుగు. సీసీ కెమెరాల సామాను అమ్మేచోట అడాప్టర్ పిన్ను దూరే, స్క్రూలున్న డీసీ సాకెట్ దొరుకుతుంది. బల్బుకి రెండు వైర్లు కట్టి ఆ స్క్రూలకు బిగించు. ఈ బల్బు సుమారు 0.8 ఆంపియర్ లాగుతుంది, అంటే నీ అడాప్టర్‌కి సరైన పరీక్షే. బల్బు వెలుగుతుండగా అవే స్క్రూల దగ్గర కొలువు. 11.4 పైన నిలబడితే పాస్. చల్లటి ఫిలమెంట్ మొదట్లో ఎక్కువ లాగుతుంది కాబట్టి మంచి అడాప్టర్ కూడా ఒక్కసారి మిణుకుమనొచ్చు, దానికి టెన్షన్ పడకు. బల్బు మాత్రం కాలుతుంది, చేత్తో పట్టుకోకు.

ఇంకో సభ్యుడు:
మీటర్ ఎర్ర వైరు ఏ రంధ్రంలో ఉందో చూసుకోండి మేడమ్. 10ఏ అని రాసున్న దాంట్లో పెట్టి వోల్టులు కొలిస్తే షార్ట్ చేసినట్టే. వి అని ఉన్న రంధ్రంలోనే ఉండాలి, నాబ్ డీసీ 20 దగ్గర.

మరో సభ్యుడు:
కొత్త అడాప్టర్ ఏ మొబైల్ షాపులోనైనా దొరుకుతుంది. ఇంత తతంగం అవసరమా?

కోఠి మెకానిక్:
నెట్ నడిస్తే చాలనుకుంటే కొనుక్కోవడమే నయం బ్రదర్. ఆ అమ్మాయి నేర్చుకుంటానంది కదా. పైగా తప్పు ఎక్కడుందో తేల్చకుండా కొంటే రౌటర్ డబ్బులు కూడా వదిలేవి. చౌక అడాప్టర్లలో లేబుల్ మీద 2 ఆంపియర్లని రాసి సగం కూడా ఇవ్వనివి ఉంటాయి. కొత్తది కొన్నా ఇదే బల్బుతో చూసుకోవడం మంచిది.

డిగ్రీ స్టూడెంట్:
అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్‌తో రౌటర్ రాత్రంతా ఆగకుండా నడిచింది. పాతదానికి బల్బు పెడితే 8 దగ్గర ఊగుతోంది, లోపల టిక్ టిక్‌మని సన్నగా చప్పుడు. దీన్ని విప్పొచ్చా?

కోఠి మెకానిక్:
రౌటర్ బతికింది. ఎక్కువగా పోయేది అడాప్టర్ అవుట్‌పుట్ వైపు కెపాసిటరే, అంటే చార్జ్ దాచుకునే చిన్న గుండ్రటి భాగం. వేడికి దాని లోపలి ద్రవం నెమ్మదిగా ఎండిపోతుంది.

విప్పొచ్చు, కానీ ఈ ముక్క జాగ్రత్తగా చదువు. లోపల లావుపాటి 400 వోల్టుల కెపాసిటర్ ఉంటుంది. మన 230 వోల్టుల ఏసీ అక్కడ దాదాపు 325 డీసీ అవుతుంది. ప్లగ్ తీసేశాక కూడా అందులో చార్జ్ మిగలొచ్చు. 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ కాళ్లకు ఇన్సులేషన్ ఉన్న వైర్లు అతికి, కెపాసిటర్ రెండు కాళ్లకు కొన్ని సెకన్లు తాకించు. తర్వాత మీటర్ డీసీ 1000 రేంజిలో పెట్టి సున్నా దగ్గరికి వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టు. కొందరు స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తారు, ఆ పని వద్దు. బోర్డు బయట ఉండగా ప్లగ్ అసలు పెట్టకు. డబ్బా అతుకు వెంబడి చిన్న సుత్తితో తడుతూ తిప్పితే విడిపోతుంది.

వేరే సభ్యుడు:
మైక్రోవేవ్ కూడా ఇలాగే చూసుకోవచ్చా అన్నా?

కోఠి మెకానిక్:
వద్దు తమ్ముడూ. అందులో 2000 వోల్టులు దాటుతుంది, మనిషిని చంపేస్తుంది. ఆ పని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వు.

డిగ్రీ స్టూడెంట్:
విప్పాను. చార్జ్ తీసేసి, మీటర్‌తో చూశాకే ముట్టుకున్నాను. అవుట్‌పుట్ వైర్ల పక్కనున్న కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. దాని మీద 680 మైక్రోఫారడ్, 16 వోల్టులు అని ఉంది. షాపులో 680 లోనే 25 వోల్టులది ఉందట. పనికొస్తుందా?

కోఠి మెకానిక్:
పనికొస్తుంది. వోల్టులు ఎక్కువున్నా ఫర్వాలేదు, తగ్గకూడదు. సైజు కాస్త పెద్దదవుతుంది, డబ్బా మూత పడుతుందో లేదో ముందే చూసుకో. 105 డిగ్రీలది, లో ఈఎస్ఆర్ రకం (లోపలి నిరోధం తక్కువుండేది) అని అడుగు. 85 డిగ్రీలది ఆ వేడికి త్వరగా పోతుంది. పాతది పీకేముందు ఫోటో తీసిపెట్టుకో. ఒంటి మీద గీత ఉన్న వైపు మైనస్, తిరగేసి పెడితే పేలుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. అయ్యాక మూత అతికి గట్టిగా బిగించు, మొదటిసారి 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో, అంటే అడాప్టర్‌కి వెళ్లే కరెంటు ఆ బల్బు గుండానే వెళ్లేలా పెట్టి ఆన్ చెయ్యి. ఎల్ఈడీ బల్బు ఇక్కడ పనికిరాదు. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోతే అంతా బాగున్నట్టే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే స్విచ్ ఆపి ప్లగ్ తీసెయ్. బాగుంటే సిరీస్ తీసేసి ఇండికేటర్ బల్బుతో లోడు మళ్లీ కొలిచి, 11.4 దాటాకే రౌటర్‌కి పెట్టు.