వేరుశనగ వేరు బుడిపెలు లోపల తెల్లగా ఉన్నాయి, యూరియా వేయాలా?

ఎర్రనేల:
వర్షాధార వేరుశనగ, కె-6 రకం, ఎర్ర ఇసుక నేల. పంట వయసు 32 రోజులు. ఎకరాకు 60 కిలోల గింజలు. కిలోకు 3 గ్రాముల మాంకోజెబ్ (శిలీంద్రనాశక మందు) పట్టించి, అదే పూట బెల్లం నీళ్లతో 200 గ్రాముల రైజోబియం (వేరు బుడిపెల్లో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా) కలిపి, గంటసేపు ఎండలో ఆరబెట్టి విత్తాం. దుక్కిలో డీఏపీ ఒక బస్తా, యూరియా 25 కిలోలు పడ్డాయి. ఇప్పుడు మొక్క పీకి చూస్తే ఎనిమిదో పదో బుడిపెలు, లోపల తెల్లగా ఉన్నాయి. ఆకులు పసుపు తిరిగాయి. ఇంకో 20 కిలోల యూరియా వేయమంటున్నారు. వేయొచ్చా?

చాలుమొలక:
ఇప్పుడే వేయకండి. ముందు బుడిపెలు సరిగ్గా లెక్కపెట్టాలి. వేరుశనగలో ఈ బ్యాక్టీరియా పక్కవేరు పుట్టేచోట పడే చీలికలోంచి లోపలికి వెళ్తుంది. అందుకే బుడిపె పక్కవేరు చంకలో ఉంటుంది, మొక్క లాగితే ఊడి మట్టిలోనే ఉండిపోతుంది. మొదలు చుట్టూ జానెడు దూరంలో పారతో గడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టండి. మట్టి దానంతట అదే జారిపోయాక చూడండి. చేనులో నాలుగైదు చోట్ల ఇలా చేయాలి.

తర్వాత బ్లేడుతో అడ్డంగా కోయండి. లోపల గులాబీ, ఎరుపు రంగుంటే అది పనిచేస్తోంది. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. నత్రజనిని పట్టే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది కాబట్టి, దాన్ని అదుపులో ఉంచేది ఇదే. తెలుపంటే ఇంకా మొదలవ్వలేదు, లేదా పనికిరాని రకం లోపల చేరింది. ఆకుపచ్చ, గోధుమ రంగయితే దాని పని అయిపోయినట్టే. గోటితో రాస్తే ఊడకుండా వేరే ఉబ్బినట్టుంటే అది బుడిపె కాదు, నులిపురుగు కణితి.

పదునుచూసి:
ఎండ, మాంకోజెబ్ కలిసి రైజోబియం కల్చర్‌ను చంపి ఉండొచ్చు, నిజమే. కానీ అసలు తప్పు ఎరువులో ఉందని నా అభిప్రాయం. వేరుశనగకు బుడిపెలు కట్టేది అలసంద వర్గం బ్యాక్టీరియా, అది మన నేలల్లో ముందే ఉంటుంది. బుడిపె కట్టిందంటే అది లోపలికి వెళ్లినట్టే. మరి తెల్లగా ఎందుకుంది? డీఏపీ బస్తాలో 9 కిలోలు, 25 కిలోల యూరియాలో పదకొండున్నర, మొత్తం 20 కిలోలు దాటిన నత్రజని వేశారు. వర్షాధార వేరుశనగకు చెప్పేది 8 కిలోలే. వేరు పక్కనే నైట్రేటు దొరుకుతుంటే మొక్క బ్యాక్టీరియాకు చక్కెరలు పెట్టి పోషించదు. ఇంకో 20 కిలోల యూరియా పడితే ఈ కాస్త బుడిపెలూ పని మొదలుపెట్టవు. వచ్చే ఏడాది డీఏపీ మానేసి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 100 కిలోలు వేయండి. 16 కిలోల భాస్వరంతో పాటు కాల్షియం, గంధకం కూడా అందుతాయి.

చాలుమొలక:
ఒప్పుకుంటాను. విత్తన శుద్ధి కూడా మార్చండి. మందు ముందు పట్టించి ఆరనివ్వాలి, రైజోబియం ఎప్పుడూ చివర, విత్తే ముందే. అర లీటరు నీళ్లలో 50 గ్రాముల బెల్లం మరిగించి పూర్తిగా చల్లార్చండి. వేడి ఉంటే బ్యాక్టీరియా అక్కడే చచ్చిపోతుంది. నీడలో టార్పాలిన్ మీద పది కిలోల చొప్పున పోసి, పాకం చిలకరిస్తూ మెల్లగా కలపాలి. వేరుశనగలో జాగ్రత్త ఇక్కడే: నీళ్లు ఎక్కువైతే గింజ మీది ఎర్ర పొర జారిపోతుంది, ఆ గింజ సరిగా మొలవదు. నీడలోనే ఆరబెట్టి అదే రోజు విత్తేయండి. ప్యాకెట్ మీద వేరుశనగ అని ఉండాలి. శనగకు తయారైనది దీనికి పనికిరాదు. గడువు తేదీ కూడా చూడండి.

మాంకోజెబ్ తప్పదనుకుంటే కల్చర్‌ను గింజకు పట్టించకండి. 2 కిలోలు తీసుకుని 100 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి పదునులో చాళ్లలో వేయండి. మందు గింజ మీద, బ్యాక్టీరియా మట్టిలో ఉంటాయి. వేరు ఊరించే చక్కెరలు, ఆమ్లాలు ఉన్న ఆ పలుచని మట్టి పొరలోకి చేరితే చాలు. ఆ పొరకే హిల్ట్‌నర్ 1904లో రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు.

ఎర్రనేల:
గడ్డతో ఎత్తి కడిగి చూశాను. మొక్కకు నలభై పైగా ఉన్నాయి. ఎక్కువ తెల్లవి, కొన్ని లేత గులాబీ. పసుపు మాత్రం పైన లేత ఆకుల్లోనే ఉంది, ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి.

పదునుచూసి:
అయితే ఈ పసుపు నత్రజని లోపం కాదు, ఇనుము లోపం. నత్రజని తక్కువైతే ముదురాకులు ముందు పాలిపోతాయి. ఎకరాకు కిలో అన్నభేది (ఇనుము అందించే లవణం), 200 గ్రాముల నిమ్మ ఉప్పు 200 లీటర్ల నీళ్లలో కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం తర్వాత చూసి మళ్లీ ఒకసారి. లెగ్‌హిమోగ్లోబిన్‌కూ ఇనుమే కావాలి. యూరియా అవసరం లేదు. ఊడలు (కాయ కట్టే కాడలు) మట్టిలోకి దిగే ముందు, తేమ ఉన్నప్పుడు, మొక్కల మొదళ్ల దగ్గర 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయండి. పది రోజులాగి మళ్లీ నాలుగు మొక్కలు ఎత్తి బుడిపెలు కోసి చూడండి.