సమస్యాపూరణం: "భాగహారము చేయగా ఫలము పెరిగె"

విశాఖ పద్యమిత్రులకు ఈ వారం సమస్య ఇది. దీన్ని చివరి పాదంగా నిలిపి పై మూడు పాదాలూ పూరించాలి. ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన యతి నాలుగో గణం మొదటి అక్షరం. ఇచ్చిన పాదంలో భా–ఫ. షరతు ఒక్కటే: ఆరు నుంచి ఎనిమిదో తరగతి లెక్కల్లోని మాటకో, భావానికో పద్యంలో చోటుండాలి. పంచితే తగ్గాలి కదా, పెరగడమేమిటన్నదే చిక్కు.

సింహాచలం సభ్యురాలి పూరణ:

మూడు మణుగుల గంధము ముద్దఁ జేసి
అర్ధ మణుగుల గిన్నెల నమర నింప
ఆఱు గిన్నెలు నిండిన వరయ నౌర
భాగహారము చేయగా ఫలము పెరిగె

నిర్వాహకుడు: అప్పన్న స్వామికి ఒక్కో విడతలో సమర్పించేది మూడు మణుగుల చందనమే కాబట్టి లెక్క ఊరికి అతికింది. విభాజ్యం 3, విభాజకం 1/2, భాగఫలం 6. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "సగం చేయడం" వేరు, "సగంతో భాగించడం" వేరు. మొదటిది 3 ÷ 2, జవాబు ఒకటిన్నర. రెండోది "మూడులో ఎన్ని అరలున్నాయి?" అన్న ప్రశ్న. గిన్నెలు కళ్లముందు పెట్టారు గనుక ఆ తేడా చెప్పకుండానే తెలుస్తోంది.

పూర్ణా మార్కెట్ వైపు సభ్యుడి పూరణ:

సింహగిరి సంపెఁగలఁ దెచ్చి చెలువు మీఱ
పూలు విడిగాను తూఁచక పొంకముగను
అంగడికి నింపు గూర్పంగ నచట నగ్ర
భాగ హారము చేయగా ఫలము పెరిగె

నిర్వాహకుడు: "అగ్రభాగ హారము" (ముందుభాగపు దండ) అన్న విరుపు చాలా బాగుంది, గణాలూ యతులూ సరిగ్గా ఉన్నాయి. కానీ లెక్క లేదండీ. షరతుకు నిలవదు.

మద్దిలపాలెం సభ్యుడి పూరణ:

క్రమపు భిన్నమ్ము హరముగాఁ గల యెడలను
వ్యుత్క్రమమ్ముతో గుణియింపు బుద్ధితోడ
ఒకటి యందున నరలుండు నొక్క జంట
భాగహారము చేయగా ఫలము పెరిగె

నిర్వాహకుడు: వ్యుత్క్రమం అంటే భిన్నాన్ని తలకిందులు చేస్తే వచ్చేది. మూడో పాదం ఈ వారానికే మేలిమి పాదం. "బుద్ధితోడ" మాత్రం యతి కోసం వచ్చి కూర్చుంది. "వ్యుత్క్రమమ్ముతో గుణియింప బోధపడును" అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ కదులుతుంది.

భీమిలి సభ్యురాలు: "హరము" అచ్చుతప్పా అండీ? "హారము" కదా?

నిర్వాహకుడు: తప్పు కాదమ్మా. పాత గణితంలో హరం అంటే విభాజకం. భాస్కరాచార్యుడు లీలావతిలో (1150) హరంలోని లవాన్నీ (గీత పై సంఖ్య) ఛేదాన్నీ తారుమారు చేసి గుణించమన్నాడు. ఆ ఛేదాన్నే నేటి బడి పుస్తకం హారం అంటోంది, గీత కింది సంఖ్య. ఒక్క దీర్ఘంతో అర్థం మారిపోతుంది, పిల్లలకు రాసేటప్పుడు పక్కన చెప్పడం మంచిది. తిరగేయాల్సింది విభాజకాన్నే. 3/4 ÷ 2/5 = 3/4 × 5/2 = 15/8. మొదటి భిన్నాన్ని తిప్పితే 8/15 వస్తుంది, సరైన జవాబు తలకిందులైపోతుంది. మిశ్రమ భిన్నం ఉంటే ముందు అపక్రమ భిన్నంగా మార్చాకే తిప్పాలి.

గాజువాక సభ్యుడి పూరణ:

ఋణము లాఱును రెండుగా నిచటఁ జేయ
మూఁడె ఋణములు పాలయ్యె ముచ్చటగను
రేఖపైఁ జూడఁ గుడివైపు నిలిచె నదియె
భాగహారము చేయగా ఫలము పెరిగె

నిర్వాహకుడు: (−6) ÷ 2 = −3. భిన్నం జోలికే పోకుండా సమస్య విప్పారు! −3 సంఖ్యారేఖ మీద −6కు కుడివైపున ఉంటుంది, కాబట్టి పెద్దది. తగ్గింది పరమమూల్యం (గుర్తు వదిలేస్తే మిగిలే సంఖ్య), పెరిగింది విలువ. మూడో పాదంలో యతి తప్పింది, రే–ని కలవవు. "నిజము! రేఖపైఁ గుడివైపు నిలిచె నదియె" అని చూడండి.

గాజువాక సభ్యుడు: సవరించుకున్నానండీ, ధన్యవాదాలు.

అక్కయ్యపాలెం సభ్యుడి పూరణ:

సున్నతో సంఖ్య భాగింపఁ జూడ నదియె
అంతు లేనట్టి సంఖ్యయై యలరు నంట
గణితమందున వింత నేఁ గాంచినాను
భాగహారము చేయగా ఫలము పెరిగె

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది. భాస్కరుడు దీన్ని ఖహరమని (సున్న హరంగా గలది), అనంతమని అన్నాడు కూడా. అయినా బడిలో ఇది చెల్లదు. 6 ÷ 0 ఏదో ఒక సంఖ్య అయితే దాన్ని సున్నతో గుణించినప్పుడు 6 రావాలి, వచ్చేది సున్నే. అందుకే సున్నతో భాగహారాన్ని నిర్వచించం. ఆరును 1/10తో భాగిస్తే 60, 1/100తో భాగిస్తే 600. మీరు చెప్పదలచిన పెరుగుదల ఇదే అయితే మొదటి పాదం "సున్న దరిఁ జేరు హరమున్నఁ జూడరండు" అని మార్చి, దానికి తగ్గట్టు రెండో పాదం మీరే తిరగరాయండి.