900 గ్రాముల ఆర్సీ ట్రైనర్ ప్లేన్‌కి ఏ మోటార్, ఎంత ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే బోర్డు)?

దేవరకొండ_గ్లైడర్: అందరికీ నమస్తే. ఫోమ్ బోర్డుతో హై వింగ్ ట్రైనర్, అంటే రెక్క పైన ఉండే, ఎగరేయడం నేర్చుకునే రిమోట్ కంట్రోల్ ప్లేన్ కడుతున్నా. బ్యాటరీతో కలిపి 900 గ్రాములు. బ్యాటరీ 3ఎస్ 2200, అంటే మూడు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్), 11.1 వోల్టులు, 2200 ఎంఏహెచ్. మోటార్ 2212 సైజులో 1000 కేవీ మంచిదా, 1400 మంచిదా? కేవీ పెరిగితే బలం పెరుగుతుందని ఒకరన్నారు.

పాలమూరు_పైలట్: తమ్ముడూ, కేవీ బలం కాదు. లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. 11.1 వోల్టుల మీద 1000 కేవీ అంటే 11,100 చుట్లు, ప్రొపెల్లర్ బిగించాక ఇంకా తగ్గుతాయి. ముందు బరువు చూడు. ట్రైనర్‌కి కిలోకు 200 వాట్లు హాయిగా సరిపోతాయి. నీ ప్లేన్‌కి 180. దాన్ని 11.1తో భాగిస్తే 16 ఆంపియర్లు. 1000 కేవీకి 10x4.5 ప్రొపెల్లర్ (10 అంగుళాల పొడవు, ఒక్క చుట్టుకు 4.5 అంగుళాలు ముందుకు లాగే వంపు) పెడితే ఇంచుమించు అక్కడికే వస్తావు. 1400 కొంటే 8x4కి దిగాలి. పది అంగుళాలదే దానికీ తగిలించావంటే వైండింగ్ మాడిపోతుంది. నిదానంగా ఎగిరే ప్లేన్‌కి పెద్ద ప్రొపెల్లర్, తక్కువ కేవీ. నా మాట అదే.

నల్లగొండ_ఆర్సీ: 16 ఆంపియర్లే కదా అని 20 ఈఎస్‌సీ తీసుకోకు, 30 పెట్టు. మన ఎండలు తెలిసినవే. ఈఎస్‌సీని ఫోమ్ లోపల మూసేస్తే వేడి పోయే దారుండదు. ముక్కు దగ్గర ఒక రంధ్రం, వెనక అంతకంటే పెద్దది పెట్టు.

మిర్యాలగూడ_వింగ్స్: డ్రోన్ల ఈఎస్‌సీ చవకగా వస్తే కొనే ముందు చూసుకోండి. చాలావాటిలో బీఈసీ ఉండదు, అంటే రిసీవర్‌కి, సర్వోలకి (చుక్కాని లాంటివి కదిపే చిన్న మోటార్లకి) కరెంటు అందదు. కొన్నింటిలో లో వోల్టేజ్ కటాఫ్, అంటే బ్యాటరీ బాగా తగ్గితే మోటార్‌ని ఆపే ఏర్పాటు కూడా ఉండదు. లైపో సెల్ 3 వోల్టుల కిందికి పడితే మళ్లీ కోలుకోవడం కష్టం.

దేవరకొండ_గ్లైడర్: థాంక్స్ అన్నా. 1000 కేవీ, 30 ఈఎస్‌సీ ఖాయం. మోటార్ ఉల్టా తిరిగితే?

పాలమూరు_పైలట్: దానికి టెన్షన్ ఎందుకు? మోటార్‌కి వెళ్లే మూడు వైర్లలో ఏ రెండైనా మార్చు. బ్యాటరీ వైర్లు మాత్రం మార్చకు, ఈఎస్‌సీ అక్కడికక్కడే కాలిపోతుంది. థ్రాటిల్ కాలిబ్రేషన్ (రిమోట్ థ్రాటిల్ హద్దులు ఈఎస్‌సీకి నేర్పడం) చేసేటప్పుడు ప్రొపెల్లర్ తీసెయ్. తర్వాత ప్రొపెల్లర్ బిగించి, ప్లేన్‌ని గట్టిగా కట్టేసి, వాట్ మీటర్‌తో ఫుల్ థ్రాటిల్ కరెంటు చూడు. మోటార్ పరిమితి దాటితే ప్రొపెల్లర్‌ని ఒక అంగుళం తగ్గించు.