అప్‌డేట్: బేర్‌బోన్ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ ఎట్టకేలకు కనిపించింది

బేర్‌బోన్ కిట్‌లో (ర్యామ్, స్టోరేజ్ లేకుండా అమ్మే ల్యాప్‌టాప్) ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డ్రైవ్) బిగించి విండోస్ ఎక్కించబోతే డ్రైవ్‌ల జాబితా ఖాళీగా వస్తోందని అడిగింది నేనే. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

"ముందు బయోస్‌లో చూడండి" అన్న సలహాతోనే దారి దొరికింది. బయోస్ అంటే విండోస్ కంటే ముందే నడిచే, మదర్‌బోర్డులోని సెట్టింగ్స్ ప్రోగ్రామ్. అక్కడ ఎస్ఎస్‌డీ పేరు చక్కగా కనిపిస్తోంది, అంటే డ్రైవ్‌కీ స్లాట్‌కీ ఏ రోగమూ లేదు. అసలు కారణం ఇంటెల్ వీఎండీ, అంటే ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లను ప్రాసెసర్‌లోని కంట్రోలర్ ద్వారా నడిపే ఫీచర్. 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇది ఆన్‌లో ఉంటుంది. దాని డ్రైవర్ (దాన్ని విండోస్ గుర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లో లేకపోతే డిస్క్ కనపడదు.

నా బయోస్‌లో దాన్ని ఆపే ఆప్షనే లేదు (ఈ కిట్ల బయోస్‌లు మహా పిసినారివి). అందుకే ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాలర్‌లో 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపించాను. వెంటనే డిస్క్ ప్రత్యక్షం! డౌన్‌లోడైన ఈఎక్స్ఈ ఫైల్‌ను అలాగే పెడితే పనిచేయదు, అందులోంచి డ్రైవర్ ఫైళ్లు (ఐఎన్ఎఫ్ వగైరా) బయటికి తీయాలి.

ఎస్ఎస్‌డీ తీసి మళ్లీ బిగించడం, బయోస్ అప్‌డేట్, ర్యామ్ స్లాట్ మార్చడం, వీటివల్ల ఒరిగిందేమీ లేదు. వీఎండీ ఆపే ఆప్షన్ ఉన్నవాళ్లు విండోస్ వేయకముందే ఆపేయండి. వేశాక మారిస్తే బూట్ కాకుండా మొరాయించవచ్చు.