నల్లరేగడిలో చర్చి కడుతున్నాం, పునాది ఎలా వేయాలి?

అందరికీ వందనాలండీ. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే దారిలో మాది చిన్న సంఘం. పాత రేకుల మందిరం గోడలు ఎండాకాలంలో చెయ్యి దూరేంత బీటలిచ్చాయి. పడగొట్టి 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవుతో శ్లాబు మందిరం కట్టాలనుకున్నాం.

డబ్బు మెల్లగా కూడుతోంది. ఆడవాళ్లు రోజూ వంటకు ముందు తీసిపెట్టే గుప్పెడు బియ్యం డబ్బులూ అందులోనే. తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు మాలోనే ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక అన్నం తిని అందరం పనిలోకి దిగుతాం. మట్టి మోయడానికి అరవై దాటిన అమ్మమ్మలూ వస్తున్నారు, వద్దన్నా వినరు.

చిక్కంతా పునాది దగ్గరే. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పెద్దమేస్త్రీ గారు ఐదడుగులు తవ్వి, ఇసుక పోసి మామూలు ఫుటింగులు, అంటే స్తంభాల కింద వెడల్పాటి కాంక్రీటు దిమ్మెలు, వేద్దామంటారు. ఇంజనీరింగ్ చదివే కుర్రాడేమో అండర్ రీమ్డ్ పైల్స్ వేయాలంటాడు, అంటే లోతున ఉబ్బెత్తుగా వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభాలు. ఇద్దరూ మావాళ్లే, ఎవరి మాట కాదన్నా మనసు కష్టమే.

ఈ నేలలో కట్టినవాళ్లు దయచేసి చెప్పండి. మీ పునాది ఎలా నిలిచింది? మట్టి పరీక్షకు ఎంతయింది? పైల్ గుంతలు చేత్తో తిప్పే ఆగర్‌తో మేమే తవ్వుకోగలమా?