మొబైల్ డేటా వాడుతున్నంతసేపు రెండో సిమ్‌కు కాల్స్ రావడం లేదు

మాది శ్రీకాకుళం జిల్లా పలాస. జీడిపప్పు వ్యాపారం కనుక ఫోన్ మోగకపోతే బేరం పోయినట్టే. నా రెండు సిమ్‌ల ఫోన్‌లో మొదటి సిమ్ డేటాతో ఏదైనా డౌన్‌లోడ్ చేస్తున్నంతసేపు, రెండో నంబరుకు ఫోన్ చేసినవారికి ‘అందుబాటులో లేరు’ అని వినిపిస్తోంది. డేటా ఆపగానే మిస్డ్ కాల్ సందేశాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడుతున్నాయి. 2జీలో డేటా నడుస్తుండగా కాల్ అందకపోవచ్చని, 4జీలో వీఓఎల్‌టీఈ (4జీ నెట్‌వర్క్ మీదే కాల్స్ నడిపే సదుపాయం) లేకపోతే కాల్ కోసం ఫోన్ కింది నెట్‌వర్క్‌కు (3జీ లేదా 2జీకి) దిగాల్సి వస్తుందని తెలుసు. అయితే నా ఫోన్‌లో రెండు సిమ్‌లకూ వీఓఎల్‌టీఈ ఆన్‌లోనే ఉంది, మొదటి నంబరుకు కాల్స్ సవ్యంగానే వస్తున్నాయి. రెండు సిమ్‌లూ ఫోన్‌లోని ఒకే రేడియోను (సిగ్నల్ పంపి, అందుకునే భాగాన్ని) పంచుకోవడమే దీనికి కారణమా, లేక సెట్టింగుల్లో మార్చవలసినది ఏమైనా ఉందా? కొత్త ఫోన్ కొనమనడం తప్ప (దుకాణంలో అదే చెప్పారు) వేరే మార్గం తెలిసినవారు దయచేసి వివరించగలరు.